చేపలో చక్కెర

రామత్ గన్, 1955

తమ్ముడు మెనషీకి అక్క ఫర్హా దీవెనలు.
ఒరేయ్, మన యూదులంతా సొంత దేశానికి వచ్చేస్తుంటే నువ్వొక్కడివే రంగూన్‌లో ఆ ప్రార్థన మందిరానికి కాపలానా? వెంటనే బయల్దేరు!
నీ అక్క ఫర్హా
తా.క.: ఎదురింటి బ్లూమాది పోలండ్. మన పసుపన్నం చూసి "మీరు నిజంగా యూదులేనా?" అంది. చేపలో చక్కెర వేసుకునే మనిషి!

రంగూన్

అక్కకు మెనషీ నమస్కారాలు.
ఏది సొంత దేశం? యెరూషలేం నుంచి మనల్ని బాబిలోన్‌కు ఈడ్చుకుపోయారు. బాగ్దాద్‌లో తరతరాలు బతికాం. తాత బియ్యం వ్యాపారానికి ఇక్కడికొచ్చాడు. యుద్ధంలో కలకత్తాకు పారిపోయి మళ్లీ వచ్చాను. ఇక నన్నెవరూ కదిలించొద్దు! ప్రార్థన జరగాలంటే మన నియమం ప్రకారం ఉండాల్సిన పదిమంది మగవాళ్లు కుదరడం లేదు, నిజమే. అయినా రోజూ తలుపు తీస్తాను.
మెనషీ
తా.క.: మనవాళ్లు బాబిలోన్‌లో శాస్త్రాలు రాస్తున్నప్పుడు వాళ్ల పోలండ్‌లో ఎలుగుబంట్లు తిరిగేవని చెప్పు.

రామత్ గన్

మెనషీకి దీవెనలు.
చెప్పాను. "మీ తమ్ముడు మందిరానికి ఏనుగు మీద వెళ్తాడా?" అంది. నీ తరఫున నోరు నొప్పెట్టేలా కొట్లాడాను.
ఫర్హా

రంగూన్

అక్కకు,
ఏనుగా! బస్సులో వెళ్తానని చెప్పు! అంత గొప్పదైతే తన ఊరికే పోయి, తన మందిరంలోనే కూర్చుని ఆ తీపి చేప తినమను!
మండిపోతున్న మెనషీ

రామత్ గన్

ఒరేయ్ మూర్ఖుడా,
ఆ ముక్క చదివి వినిపించాను. బుద్ధి లేనిదాన్ని. యుద్ధంలో వాళ్ల ఊళ్లో మందిరాన్ని మనుషులతో సహా తగలబెట్టారట. మనవాళ్లు ఒక్కరూ మిగల్లేదట. లేచి వెళ్లి తలుపేసుకుంది. వారమైంది, నాతో మాటల్లేవు. పోవడానికి ఆమెకు ఊరే లేదురా!
ఫర్హా

రంగూన్

అక్కా,
ఈ సంగతి ముందే రాసి చావొచ్చుగా! ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను? రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. ఆమెతో ఇలా చెప్పు: "రంగూన్‌లో ఒక మందిరం ఉంది. మీరు యూదులేనా అని అక్కడ ఎవరూ అడగరు. దాన్నే మీ ఊరనుకోండి."
మెనషీ
తా.క.: చేప సంగతిలో మాత్రం నేను తగ్గను.

రామత్ గన్

ద్రోహీ,
ఇన్నేళ్లుగా నిన్ను రమ్మంటుంటే, నువ్వు నా ఎదురింటిదాన్నే ఎగరేసుకుపోతావా? ఏదో మాటవరసకు అన్నాడమ్మా అంటే, "ఆయన పిలిచాడు, నేను వెళ్తున్నాను" అంటోంది. ఇల్లు ఖాళీ చేసి ఓడ టిక్కెట్టు కొనేసింది. ఇక ఇక్కడ నాతో పోట్లాడే దిక్కెవరు? అందుకే నేనూ కొన్నాను. సంతోషమేనా?
నీ అక్క ఫర్హా
తా.క.: ఆడవాళ్లు మీ పదిమంది లెక్కలోకి రారని గొణక్కు. ఓడ బొంబాయిలో, కొచ్చిలో ఆగుతుందట. బ్లూమా ప్రతి రేవులోనూ దిగి "ఇక్కడ మనవాళ్లెవరు?" అని కేకేస్తుందట. దొరికిన మగవాణ్ణల్లా ఓడెక్కిస్తుందట. ఆమె సంగతి నాకు తెలుసు. పడకలు ఎక్కువ వేయించు.