హయత్‌నగర్ దాకా ఉరికిన

ఆగస్టు 21, 2011. ఆదివారం

ఇయ్యాల వనస్థలిపురం దాకా ఉరికిన. వచ్చేటప్పుడు నడిచిన. అబద్ధమెందుకు, సగం దూరం షేర్ ఆటోల వచ్చిన.

ఇంటికొచ్చేసరికి మా మూడేండ్ల బుడ్డి మంచం మీద పాలు ఒలకబోసింది. మా ఇంటామె భావన ఒక చేత్తో బెడ్‌షీట్ గుంజుకుంట, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని వాళ్ళన్నతోని మాట్లాడుతున్నది. నన్ను చూడంగనే గొంతు తగ్గించింది. ముచ్చట నా గురించేనని సమజైంది. బెడ్‌షీట్ నేను నానబెట్టిన.

ఆగస్టు 23

బాపిరాజు వచ్చిండు. భావన వాళ్ళన్న. దిల్‌సుఖ్‌నగర్ల కోచింగ్ సెంటర్, దాని మీద హాస్టల్. మంచోడే. గదే నా తక్లీఫ్. చెడ్డోడైతే హాయిగ తిట్టుకునేటోన్ని.

టీ నేనే పెట్టిన. కప్పు అందుకుంట నా దిక్కు చూడడు, గోడ దిక్కు చూస్తడు. మొగోడు పెట్టిన టీ తాగాలంటే ఆయనకు సిగ్గు. హాస్టల్‌కి ఇంచార్జి కావాలండీ బావగారూ, బయటివాళ్ళని నమ్మలేం అన్నడు. పాపని తణుకులో మా అమ్మ దగ్గర ఉంచుదాం, స్కూల్లో వేసే టైముకి తెచ్చుకుందురుగాని అన్నడు. ఇక్కడ చూస్తే రోజూ బందులూ గొడవలూ, చిన్నపిల్లకి ఎందుకివన్నీ అన్నడు.

భావన నేల దిక్కు చూసుకుంట కూసున్నది.

సరే అన్న. నా నోటితోనే అన్న. నా కంపెనీ ఇక్కడి బ్రాంచ్ మూసినప్పుడు బుడ్డికి ఏడాది. భావనది బ్యాంకుల పర్మినెంట్ జాబ్. నాలుగు నెలలు బిడ్డను నేను చూసుకోవాలె అనుకున్నం. రెండేళ్లైంది. ఇప్పుడు నాకు పప్పుచారు వచ్చు, రెండు జడలేసుడు వచ్చు, జ్వరమొస్తే ఏ సిరప్ ఎంత పొయ్యాలెనో వచ్చు. ఏం చేస్తున్నవ్ శైలేందర్ అని ఎవరన్న అడిగితే మాత్రం, బిజినెస్ ప్లానింగ్‌ల ఉన్న అంట. థూ.

ఒక్కటి మాత్రం అడిగిన. అక్టోబర్ 2 రన్ అయినంకనే ఏదైనా అని. మా వాకర్స్ సంఘమోళ్లు తలసీమియా పిల్లల కోసం పెడుతున్నరు, నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లలు. మారథాన్ అని పేరే గాని సగమే. ఎల్బీ నగర్ల మొదలుపెట్టి పెద్ద అంబర్‌పేట్ దిక్కు పోయి మర్లి రావాలె. బాపిరాజు నవ్వి ఓకే అన్నడు.

అంటే రన్ ఎప్పుడైతే గప్పుడు బిడ్డ పోతది. నా షూ నేనే కట్టుకుని, నా కాళ్లతోని గా దినం దిక్కు ఉరుకుతున్న.

సెప్టెంబర్ 13

సకల జనుల సమ్మె మొదలైంది. కరెంట్ లేదు. దోమలు.

సెప్టెంబర్ 20

బస్సులు బంద్. బుడ్డి ప్లేస్కూల్ బంద్. భావన ఏడు గంటలకే ఇంట్లకెంచి పోవాల్సి వస్తున్నది, చౌరస్త దాక నడిచి, ఆటోల ఇరికి, మళ్ల నడిచి. పొద్దుగాల నేను ఉరికే టైమంత టిఫిన్ డబ్బకే పోతున్నది. తెలంగాణ రావాలె, నాకూ కావాలె, మా నాయిన తరం నుంచి కావాలె. గాని జర ప్లేస్కూలన్న తెరవుండ్రి.

కాలనీ పార్కుల బుడ్డిని ఊయలల కూసోబెట్టి చుట్టూ తిరుగుతున్న. ఉరుకుతుంటే గానుగెద్దు లెక్క ఉన్నది నా బతుకు. ఊయల కాడికి రాంగనే ఒక ఊపు ఊపాలె. ఊపకపోతే బుడ్డి నన్ను ఆపుతది. కింది ఫ్లోర్ స్వరూపరాణి ఆంటీ బెంచి మీద కూసుని, పొద్దున్నే నీకేం పరేషానయ్యా, ఎవలన్న తరుముతున్నరా అన్నది.

సెప్టెంబర్ 27

సంఘం ప్రెసిడెంట్ సాంబమూర్తి సార్ ఫోన్ చేసిండు. పోలీసులు పర్మిషన్ ఇస్తలేరట. రన్ వాయిదా, అక్టోబర్ 16కి. నువ్వు బాగ కష్టపడ్డవ్, ఏమనుకోకు అన్నడు.

ఏమనుకుంట సార్! బాత్రూంల తలుపేసుకుని నవ్విన. రెండు వారాలు దొరికినయ్. బయటికొచ్చి, అయ్యో వాయిదా పడ్డదే అని భావనకు ముఖం మాడ్చుకుని చెప్పిన. భావన గూడ అయ్యో అన్నది. ఆమె ముఖం గూడ నా ముఖం లెక్కనే ఉన్నది. అడగలే.

అక్టోబర్ 2

మోకాలు నొప్పి. బుడ్డి బామ్ రాసింది, ఎడమ మోకాలుది కుడి మోకాలుకు.

అక్టోబర్ 9

టీషర్టులు వచ్చినయ్. రన్‌కి పర్మిషన్ ఎట్ల దొరికిందో ఇప్పుడెరుకైంది. సాంబమూర్తి సార్ పోయి ఉద్యమం దీక్షా శిబిరంల కూసున్నోళ్లతోని మాట్లాడిండట. మీ పిల్లల రన్ మేం ఆపం, మా నినాదం గూడ మోయుండ్రి అన్నరట. వాళ్లు అడ్డం రామని మాటిచ్చినంకనే పోలీసులు ఒప్పుకున్నరట. అందుకే ముందట రక్తపు చుక్క బొమ్మ, వెనుక వీపు నిండ జై తెలంగాణ. పసుపు రంగు బట్ట. ఉతికితే రంగు పోతదని చూడంగనే తెలుస్తున్నది.

బాల్కనీల తీగ మీద ఆరేసిన. బాపిరాజు కింద కారు ఆపి తలెత్తంగనే గదే కనవడ్డది. పైకొచ్చి టీ వద్దన్నడు. ఆయన సెంటర్ ఆంధ్రోళ్లదని బోర్డు మీద మొన్న ఎవరో రాళ్లేసిండ్రు. నవ్వుకుంట, మీకేం బావగారూ, అటూ మీరే ఇటూ మీరే అన్నడు. నవ్వకుంట అన్నా బాగుండు.

అక్టోబర్ 13

అత్తమ్మ దిగింది. కుసుమకుమారి గారు. బుడ్డిని తీస్కపోనీకి. పూతరేకులు తెచ్చింది. మోకాళ్ల నొప్పులకు మెట్ల మీద మూడుసార్లు ఆగింది.

అక్టోబర్ 15. సాయంత్రం

రేపటి రైలు పోదు. పట్టాల మీద జనం కూసున్నరు, రైల్ రోకో. ఒక్క నిమిషం పాణం లేచొచ్చింది. మరునిమిషంల బాపిరాజు ఫోన్. తణుకు నుంచి తెలిసినోళ్ల కారు వచ్చి ఉన్నది, తనే తీస్కపోయి దింపి వస్తడట, పొద్దున్నే ఆరింటికి బయలుదేరుదాం అన్నడు.

ఆరింటికే రన్.

భావన బట్టలు సర్దుతున్నది. సర్దిన గౌన్లు మళ్ల బయటికి తీసి, మళ్ల మడత పెడుతున్నది. నాకు గట్టిగ ఒర్రాలనిపించింది. చపాతీలు చేసిన.

అక్టోబర్ 16. పొద్దున అయిదు

బుడ్డి పండుకున్నది. లేపలే. లేపితే ఏడుస్తది, నేను గూడ ఏడుస్త. రన్‌కి, కారుకి ఒక్కటే టైమైంది, మంచిదే అనుకుంటున్న. పిరికోన్ని నేను. షూ చేత పట్టుకుని పోతున్న.

అక్టోబర్ 16. మధ్యాహ్నం మూడు

మర్చిపోకముందే రాయాలె.

ఎల్బీ నగర్ చౌరస్తల మస్తు మంది జమైండ్రు. సగం మంది ఉరకనీకి, సగం మంది నినాదాలకు. వెహికిల్స్ తక్కువ, రోడ్డు సల్లగ ఉన్నది. ఇన్ని దినాలల్ల నా కాళ్లు గంత మంచిగ ఎన్నడు ఆడలే. గందుకే కోపమొచ్చింది.

వనస్థలిపురం దాటినంక వెనుక హారన్. బాపిరాజు కారు. అద్దం దించి బొటనవేలు చూపిచ్చిండు. వెనుక సీట్ల అత్తమ్మ ఒళ్లె బుడ్డి. ఉరికేటోళ్లందరి దిక్కు చెయ్యి ఊపుతున్నది. అందరివీ ఒక్కటే రంగు టీషర్టులు, నన్ను గుర్తుపట్టలే. నాకు గూడ ఊపింది, పరాయోడికి ఊపినట్టు. కారు పోయింది.

ఉరికిన. ఇగ ఏం చెయ్యాలె.

హయత్‌నగర్ల రోడ్డుకు అడ్డంగ వంటా వార్పు. నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యిలు అంటించిండ్రు, పెద్ద పెద్ద డేగిషాలు, అన్నం ఉడుకుతున్నది, పాటలు నడుస్తున్నయ్. వండి, అక్కడనే తిని, మాపటికి లేస్తరు. అప్పటిదాక ఏ బండి కదలదు. మమ్ముల మాత్రం చప్పట్లు కొట్టి పక్కకెంచి దారి ఇస్తున్నరు. ఆగిన బండ్లల్ల ముందటిదే బాపిరాజు కారు. బుడ్డి సీటు మీద నిలవడి ఏడుస్తున్నది.

దారి ఉన్నది. కాళ్లు ఉన్నయ్. ఆగిన.

డోర్ తీసిన. బుడ్డి నా మీదికి ఎక్కింది. చెమట కంపుకు ముక్కు మూసుకున్నది గాని మెడ వదలలే. బాపిరాజు దిగి వచ్చి, పాపని ఇలా ఇవ్వండి బావగారూ, మీ రన్ పాడవుతుంది అన్నడు. ఇయ్యను అన్న. ఆయనకు అర్థం కాలే. బిడ్డను పంపను అని మళ్ల అన్న. చిన్నపిల్లాడిలా ఇదేంటండీ, మాట అనుకున్నాం కదా అని బుడ్డి చెయ్యి పట్టుకున్నడు. బుడ్డి కెవ్వుమన్నది.

పొయ్యి కాడున్న ఒక పెద్దాయన గరిటెతోనే వచ్చిండు. అందరు జంగయ్యా అని పిలుస్తున్నరు. నా వీపు మీద రాసింది చూసిండు, బాపిరాజు యాస విన్నడు, తణుకు నుంచి వచ్చిన కారు మీది గోదావరి జిల్లా నెంబర్ చూసిండు. ఏందే తమ్మీ, ఆంధ్రోళ్లు బిడ్డను గుంజుకపోతున్నరా, ఒక్క మాట చెప్పు, మేం చూసుకుంటం అన్నడు. ఇగ చూడు, నిమిషంల జనం మూగిండ్రు. ఎవడో బానెట్ మీద గట్టిగ చరిచిండు. లోపల అత్తమ్మ రెండు చేతులు జోడించింది.

అవ్ అంటే చాలు. బిడ్డ నాదే. బాపిరాజు జన్మల నా గడప తొక్కడు. నాలుక మీది దాక వచ్చింది, దాచుడెందుకు. బాపిరాజు నా దిక్కే చూస్తున్నడు. ఇక్కడ చూసుకోనీకి గోడ లేదు.

ఆయన మా బావ అన్న. మా ఇంటామెకు తోడబుట్టిన అన్న అని చెప్పిన. ఇది మా ఇంటి లొల్లి, మీరు జర జరుగుండ్రి అన్న. జంగయ్య నమ్మలే. మరి గింత లొల్లి ఎందుకు అన్నడు. చెప్పిన. నేను ఇంట్ల ఉంట, బిడ్డను సాకుత, వండుత, తోముత, నా భార్య కొలువు చేస్తది, గిది నా పని, మా బావకు గిది పని లెక్క కొడుతలేదు, నన్ను కొలువుల పెట్టి బిడ్డను అమ్మమ్మ తాన ఉంచుతనంటడు, నేను ఇయ్యనంటున్న అని. నడిరోడ్డు మీద, గంత మంది ముందల. రెండేండ్లల్ల ఒక్కనికి చెప్పింది లేదు.

ఎవడో కిసుక్కున నవ్విండు. జంగయ్య వాని మీదికి గరిటె లేపిండు. మళ్ల నన్ను కింది నుంచి మీది దాక చూసి, వంటొస్తదంటివి గద, వచ్చి పప్పుల ఉప్పు చూడు అన్నడు.

చూసిన. తక్కువైంది. వేసిన.

బాపిరాజును నేనే చెయ్యి పట్టుకుని కూసోబెట్టిన. విస్తరాకు చేతికిచ్చి పప్పన్నం వడ్డించిన. అత్తమ్మ పప్పన్నం తిన్నంక అప్పుడు నోరు విప్పింది. ముగ్గురిని పెంచాను, ఈ వయసులో దీని వెనకాల పరిగెత్తడం నా వల్ల కాదు, నన్నొక్కరైనా అడిగారా అని కొడుకు మీదికి లేచింది. బాపిరాజు తలొంచుకుని తిన్నడు. కారు మర్లించిండు.

ఇంటికొస్తే తలుపు తీసిన భావన కండ్లు వాచి ఉన్నయ్. రన్ ఏమైందండీ అన్నది. హయత్‌నగర్ దాకా ఉరికిన అన్న. బుడ్డిని గుంజుకుని, ముందే చెప్పి ఏడవొచ్చుగా, నేనొక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నా అని నన్ను కొట్టింది. అన్నిటికన్న గట్టి మాట తర్వాత అన్నది, మరి నా ఒక్కదాని జీతంతో ఎన్నాళ్ళండీ, నేనూ అలిసిపోయాను అని. నిజమే. ఇద్దరం ఒక దగ్గర కూసుని మాట్లాడుకోవాలె. ఇయ్యాల మాత్రం ఓపిక లేదు.

అక్టోబర్ 17

రాత్రి నిద్రల గూడ నా కాళ్లు ఉరుకుతున్నయంట. భావన తన కాలు నా కాళ్ల మీదేసి పట్టుకున్నదట, అవి ఆగేదాక.