జరీ మింగిన దారం

బిడ్డా నవతా,

వరంగల్ హాస్టల్లో వేళకు తింటున్నావనుకుంటాను. ఫోన్ చేసినప్పుడల్లా "జరీని చూపియ్యి బాపూ" అంటావు. నేనేదో సాకు చెప్పి పెట్టేస్తున్నాను. నోటితో చెప్పలేకే రాస్తున్నాను.

నీ పిల్లి జరీ ఆడుకుంటుందని, నేను మరమగ్గం నడిపే సాంచాల కార్ఖానా నుంచి పాలిస్టర్ దారపు చిక్కు తెచ్చిచ్చింది నేనే. ఆదివారం అది దాన్ని మింగింది. కొస నోట్లోంచి వేలాడుతోంది. మీ అమ్మ, "జర ఆగు, గుంజకు. డాక్టర్ కాడికి తీస్కపోదాం" అన్నది.

"దారం సంగతి నాకు చెప్తవా?" అన్నాను.

తెగిన పోగు కనబడితే పట్టి లాగడమే కదా నా జన్మంతా చేసిన పని. లాగాను. కొంత వచ్చి ఆగింది. చిక్కుపడిందనుకుని ఇంకా గట్టిగా లాగాను. జరీ అరిచిన అరుపు నీకు రాయలేను.

ఇక్కడి బమ్రోలిలో పశువుల డాక్టర్ చూశాడు. దారం లోపల పేగుల్ని కోసేసిందట. లాగకుండా తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసి తీసేవాడట. ఇక చేసేదేమీ లేదు, నొప్పి తెలియకుండా సూది వేస్తానన్నాడు. రేపు పొద్దున తీసుకెళ్తున్నాను. సెలవు పెట్టి బయలుదేరకు. ఈ ఉత్తరం అందేసరికి అది ఉండదు.

మీ అమ్మ నన్ను ఒక్క మాట అనడం లేదు. నువ్వైనా తిట్టు.

జరీ ఇప్పుడు నా ఒళ్లోనే ఉంది. నీళ్లు కూడా ముట్టడం లేదు. మీ అమ్మ తీసుకోబోతే వెళ్లడం లేదు. దారం లాగిన చేతిమీదే తల పెట్టుకుని పడుకుంది.

మీ బాపు