శాంతి వంతెనకు ఇవతల

చెల్లెమ్మా కరుణా, ప్రభువు నీకు తోడు. ఒక్కటి చెప్పు, ముప్పై ఏళ్లుగా క్షమాపణ గురించి గొంతెత్తి ప్రకటించిన నోటికి, నన్ను క్షమించమని సొంత తమ్ముణ్ని అడగడం ఎందుకు చేతకాదు?

అమెరికాలోని బఫెలోలో, నది ఒడ్డున, శాంతి వంతెన పక్కన ఒక్కణ్నే కూర్చుని రాస్తున్నాను. ఒకప్పుడు యుద్ధం చేసుకున్న రెండు దేశాలు నూరేళ్ల శాంతికి గుర్తుగా ఈ వంతెన కట్టుకున్నాయి. అవతలి గట్టునే, కెనడాలో, మన యోహాను ఇల్లు. "వాక్ చేసి వెళ్లొచ్చు కదా అంకుల్?" అంది నేను దిగిన ఇంటివాళ్ల పాప షారన్. కెనడా వీసా లేదన్నాను. అది సగమే నిజం. ఆనాడు ప్రసంగంలో పేరెత్తి మరీ వాణ్ని సంఘం ముందు తలదించుకునేలా చేసింది నేనే. ఇప్పుడు నా ఫోన్ ఎత్తడు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు. కానుకను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సమాధానపడమన్నాడు ప్రభువు, అందుకే ఇక్కడి సంఘంలో వాక్యం చెప్పనన్నాను. నెలాఖరు దాకా ఉంటాను. తప్పు అన్నయ్యదేనని, ఇవతలి ఒడ్డున ఎదురుచూస్తున్నాడని వాడికి చెప్పు. ఈ కార్డు కింద పెట్టకుండా, ఇవాళే ఫోన్ చెయ్.