వార్డంతా ఎత్తుకున్న అబ్బాయి

అక్కకి,

గొడుగులు బాగుచేసుకు బతికే తమ్ముడు నమస్కారాలు పెట్టి రాస్తున్నది. ఫోన్ చేస్తే మాట నువ్వే అందుకుంటావు, నా వంతు రాదు. అందుకే ఉత్తరం.

నేను వార్డు ఎన్నికల్లో నిలబడ్డాను. నవ్వకు. వాన పడితే చాలు, మా మురుగుకాలవ పొంగి ఇళ్లల్లోకి వచ్చేస్తోంది. పోయిన వానకి నా కొట్లో కుర్చీ నాకంటే ముందు రోడ్డెక్కింది. నాకు పోటీగా నిలబడ్డది నీళ్లు తోడే మోటార్ల వ్యాపారి. కాలవ బాగుపడితే అతని కొట్టు మూతపడుతుంది, కాబట్టి ఆ ఊసే ఎత్తడు.

నిన్న మొదటి మీటింగు. కాలవకి వాలు ఎంత ఉండాలో, తూము ఎంత వెడల్పు ఉండాలో నలభై నిమిషాలు వివరించాను. చివరికి ఒక్కడే మిగిలాడు. చేతులు జోడించి, "మీరొక్కరైనా విన్నారు బాబూ" అన్నాను.

"కుర్చీలు మావండీ. తీసుకెళ్లాలి" అన్నాడు.

ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు

తా.క.: గొడుగు గుర్తు అడిగాను. బకెట్ ఇచ్చారు. గొడుగు మోటార్లాయనకి వెళ్లింది. రోజంతా కొట్లో కూర్చుని అతని గుర్తే బాగుచేస్తున్నాను.

•

వార్డు మెంబరు కాబోయే మా తమ్ముడికి,

అక్క దీవెనలు. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో పిల్లలకి సూదులు వేశాను. "బాబూ, ఈ మందులో ఫలానాది ఇంత పాళ్లు ఉంది" అని ఏ పిల్లాడికైనా చెప్పానా? కథ చెప్పేదాన్ని. వాడు నోరు తెరుచుకుని వింటుంటే చటుక్కున గుచ్చేదాన్ని. ఓటర్లూ అంతే. ముందు కథ, మధ్యలో కాలవ.

కథ కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. ఆరేళ్లప్పుడు వానలో తప్పిపోయావు, గుర్తుందా? ఎవరో ఆవిడ మోకాలిలోతు నీళ్లలో నిన్ను చంకనెత్తుకుని ఇంటిదాకా తెచ్చి, అమ్మ చేతుల్లో పెట్టి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పు. గొంతు కాస్త వణకనీ.

మీ అక్క

తా.క.: గొంతు వణకమన్నాను. చిన్నప్పుడు పద్యం అప్పజెప్పినట్టు ఒళ్లంతా వణికించకు.

•

అక్కా,

నీ నోట్లో ఏముందో గానీ, కథ పారింది! జనం కళ్లు తుడుచుకున్నారు. కుర్చీలవాడు కూడా ఏడ్చి, కుర్చీలు తీసుకెళ్లడం మర్చిపోయాడు.

నేను చిన్న ముక్క ఒకటి కలిపాను. "ఆ తల్లి ఈ వీధి తల్లే!" అన్నాను. చప్పట్లు ఆగలేదు. మర్నాడు పక్క వీధిలోనూ అదే అన్నాను. ఆ పక్క వీధిలోనూ. ఇప్పుడు పదకొండు వీధుల్లో పదకొండు మంది నన్ను ఎత్తుకున్నారు. దర్జీ వాళ్లమ్మ "అప్పుడే మోయలేకపోయానమ్మా" అని నడుం పట్టుకుని చూపిస్తోంది. ఒకావిడ నాకంటే రెండేళ్లు చిన్నది. అదేమిటమ్మా అంటే, "నేను వయసుకి మించి ఎదిగాను" అంది.

వీధికీ వీధికీ పడటం లేదు. కాలవ గురించి ఒక్కడంటే ఒక్కడు అడగడు.

పదకొండు మంది తల్లుల బిడ్డ

తా.క.: నిన్న ఒకాయన వచ్చి, అసలు ఎత్తుకున్నది తనేననీ, ఆ రోజుల్లో తనకి జుట్టు పొడుగ్గా ఉండేదనీ చెప్పాడు.

•

ఒరే తింగరి తమ్ముడూ,

చిటికెడు ఉప్పు వెయ్యమంటే సముద్రం తెచ్చి పోశావు కదరా! సరే, చేసింది చేశావు. ఎప్పుడూ తాళం వేసి ఉండే ఇల్లొకటి చూసుకో. అందరి ముందూ దాన్ని చూపించి, "ఆ తల్లి ఇక్కడే ఉండేది, ఇప్పుడు లేదు" అని ఓ దణ్ణం పెట్టెయ్. లేని మనిషితో ఎవరూ పోట్లాడరు. పదకొండు మందీ చల్లబడతారు.

మీ అక్క

తా.క.: తాళానికి తుప్పు పట్టిందో లేదో చూసుకో.

•

అక్కా,

కొంప మునిగింది. ఈసారి మురుగుతో కాదు.

వీధి చివర మూలింటికి మూడు నెలలుగా తాళం. అది ఎవరిదో కనుక్కోవాలని తోచలేదు. రెండు వందల మందిని వెంటేసుకెళ్లి, గుమ్మం ముందు బోర్లాపడి, "అమ్మా, ఎక్కడున్నావమ్మా!" అని అరిచాను.

"ఇక్కడే ఉన్నా గానీ, కాస్త పక్కకి జరుగు నాయనా. తాళం తియ్యాలి" అని వెనకనించి వినపడింది.

కూతురింటి నుంచి పెట్టె పట్టుకుని అప్పుడే దిగింది పెద్దావిడ. ఎవరనుకున్నావు? మోటార్లాయన తల్లి! కొడుకు మేడ మెట్లు ఎక్కలేక విడిగా ఈ ఇంట్లో ఉంటోందట. జనం కథంతా చెప్పారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అవును, వీణ్ణే ఎత్తుకున్నాను" అంది!

ఇప్పుడు నా మీటింగులన్నిటికీ వచ్చి ముందు వరసలో కూర్చుంటోంది. మోటార్లాయన మైకు పట్టుకుని, "మా అమ్మ నన్ను తప్ప ఎవర్నీ ఎత్తుకోలేదు!" అని గొంతు చించుకున్నాడు. "తమ్ముడంటే అంత కుళ్లా?" అని జనం అతన్నే తిట్టారు.

దిక్కుతోచని తమ్ముడు

తా.క.: వయసులో అతనికంటే నేనే ఏడాది పెద్ద. ఎంత మొత్తుకున్నా వినకుండా నన్ను తమ్ముణ్ణి చేశారు.

•

తమ్ముడూ,

ఇంక ఆపు. తల్లీ కొడుకుల మధ్య చిచ్చు పెట్టి గెలిచే గెలుపు మనకొద్దు. నేరుగా ఆవిడ దగ్గరికెళ్లి నిజం ఒప్పుకో.

మీ అక్క

తా.క.: ఒప్పుకునేటప్పుడు నా ఊసు రానివ్వకు.

•

అక్కా,

ఒక్క ఓటుతో ఓడిపోయాను.

నువ్వు చెప్పినట్టే నిజం చెబుదామని పోలింగుకి ముందురోజు వెళ్లాను. మోటార్లాయన కూడా అక్కడే ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ మా ఇద్దరి చేతులూ తన నెత్తిన పెట్టుకుని, "అన్నదమ్ములు ఒకరికొకరు ఓటేసుకోవాలి. నా మీద ఒట్టు" అంది. నేను అతనికి వేశాను. అతనూ అతనికే వేసుకున్నాడు.

ఫలితం చెప్పగానే ఆవిడ అందరి ముందూ కొడుకుని నిలదీసింది. "తమ్ముడికి వేశావా?" అతను తన మెడలో దండ తీసి నా మెడలో వెయ్యబోయాడు. "ఒట్టు తప్పావు. ఆ కాలవ బాగుచేయించేదాకా నా గడప తొక్కకు!" అంది. మర్నాడు పొద్దున్నే పలుగులూ పారలూ దిగాయి. వాలు, తూము కొలతలు నేను చెబుతుంటే మోటార్లాయన బుద్ధిగా రాసుకున్నాడు. నెల తిరిగేసరికి కాలవ పూర్తయింది. నిన్న కుండపోత వాన. నా కుర్చీ ఉన్నచోటే ఉంది.

వాన వెలిశాక ఆవిడ విరిగిన గొడుగు పట్టుకుని కొట్టుకి వచ్చింది. ఇంక దాచుకోలేక చెప్పేశాను. "అమ్మా, అంతా అబద్ధమండీ. మీరు నన్ను ఎత్తుకోలేదు."

"తెలుసులేరా. నాకు చిన్నప్పట్నించీ నడుం నొప్పి. మా వాణ్ణే నేను ఎత్తుకోలేదు, వాళ్ల నాన్న మోసేవాడు."

"మరి అవునన్నారేంటండీ?"

"వానొస్తే మురుగు నా మంచం కిందకొస్తోంది. పదేళ్లుగా వాడికి చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఓ మోటారు తెచ్చి పెడతాడు. ఇంట్లో ఆరు మోటార్లున్నాయి! నువ్వేమో రెండు వందల మందిని తెచ్చి నా గుమ్మంలో పడ్డావు. కాదంటానా?"

ఓడిపోయినా కాళ్లు తడవని తమ్ముడు

తా.క.: వచ్చే ఎన్నికల్లో తనే నిలబడుతుందట. "నీకు కథలు రాసిచ్చేదెవరు?" అని అడిగింది. నీ అడ్రసు ఇచ్చాను. బస్సెక్కింది.