ఎనిమిదో లెక్క నాదే

గడియారాల రిపేరు కొట్టు యజమానిని, అరవై ఎనిమిదేళ్లవాణ్ని, ఒకప్పుడు ప్రోగ్రెసివ్ రాక్ బృందంలో ఆర్గన్ వాయించినవాణ్ని అయిన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టపూర్తిగా రాసుకున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. కిందటి ఆదివారం దాకా తనకు అనుమానమేనని మా ఆవిడ అంటోంది.

1. కొట్టు, పనిముట్లు, నా స్థిరచరాస్తి యావత్తూ మా ఆవిడకు, ఆమె తరవాత మా అమ్మాయికి సర్వహక్కులతో చెందవలసినది. దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా అమ్మాయిదే. దాని ముందు పేచీ పెట్టే మొనగాడు మా ఇంట్లో లేడు.

2. నలభై రెండేళ్ల కిందట మా బృందం ఇచ్చిన కచేరీలో నేను వేసుకున్న వెండి తళుకుల అంగీ మా అక్కకు. అది ఒకప్పుడు ఆవిడ హాల్లో పరదా. అడక్కుండా కత్తిరించాను. ఇన్నేళ్లూ ఆ సంగతి దాచడానికి నేను పడ్డ పాట్లు నాకే ఎరుక.

3. ఆర్గన్ మా బావకు, అంటే అక్క భర్తకు, మా బృందంలో డ్రమ్ములు వాయించినవాడికి. కారణం రాయాలి. మా ఇరవై రెండు నిమిషాల పాటలో నడిమి భాగం తాళం ఏడేసి లెక్కల మీద నడుస్తుంది. కచేరీలో అక్కడికొచ్చేసరికి నేనొక దారి, బావొక దారి అయి, పాట చెల్లాచెదురైంది. తప్పు బావదేనని నలభై రెండేళ్లుగా పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, చివరికి ఆస్పత్రి వరండాలో కూడా చెప్పాను. "నేను ఏడే కొట్టానురా" అని అతనిది ఒకటే మాట. ఆ కచేరీ తరవాత మళ్లీ డ్రమ్ము పుల్లలు ముట్టలేదు.

కిందటి ఆదివారం అమ్మాయి ఆ కచేరీ టేపు బాగుచేయించి తెచ్చింది. కొట్టు వెనక గదిలో అందరం కూర్చుని విన్నాం. అబ్బ, ఎంత బాగా వాయించామో! ఆ చోటు రాగానే బల్ల మీద వేలితో లెక్కపెట్టాను. బావ ఏడు. ముందు వరసలో ఎవరో అమ్మాయి నవ్వు. నేను ఎనిమిది.

ఆ నవ్వు మా ఆవిడది. అప్పటికి ఆవిడెవరో నాకు తెలియదు. నా అంగీ ఆర్గన్ మేకుకు తగులుకుంటే నవ్వింది, నేను తలెత్తి చూశాను. అక్కడే ఒక లెక్క ఎక్కువైంది. ఊరందరి గడియారాలూ సరిచేసిన నాదే తప్పు. బావా, క్షమించు.

4. నవ్వున్న ఆ టేపు మా ఆవిడకు. వింటే మళ్లీ నవ్వుతుంది. నవ్వనీ, ఈసారి నేను వాయించడం లేదుగా.

5. సవరణ. రెండో సాక్షిగా బావను పిలిచాను. ఆస్తి పుచ్చుకునేవాడు సాక్షి సంతకం చేయకూడదని, ఆ సాక్షి భార్యకు వచ్చినా అదే లెక్కని వకీలుగారు చెప్పారు. అందుకని అంగీ ఇవాళే అక్క చేతిలో పెట్టేసి తిట్లు తిన్నాను. ఇక బావ ఆర్గన్ తీసుకోవాలి, లేదా సంతకం పెట్టాలి. అతను క్షణం ఆలోచించలేదు. "ఆర్గన్ నువ్వే ఉంచుకో. ఆ మూడో అంశానికి సాక్షిని నేనే" అన్నాడు. కాబట్టి ఆర్గన్ ఎక్కడికీ పోదు. వచ్చే ఆదివారం ఆ పాట మళ్లీ వాయిస్తున్నాం. డ్రమ్ము పుల్లలు కొనుక్కొచ్చాడు.

తేదీ: కచేరీ జరిగిన నలభై రెండేళ్ల పదకొండు రోజులకు, శుక్రవారం.

సంతకం: ఆర్గన్ వాయించేవాడు

సాక్షులు:
1. వకీలుగారి గుమాస్తా.
2. బావ, డ్రమ్ములు వాయించేవాడు. మూడో అంశం నాలుగుసార్లు చదివి సంతకం చేశాను. ఏడే కొట్టాను.