అత్తగారి పేరు గొంతెత్తి పలికాను

అబ్బాయీ, నీ నడుం నొప్పి తగ్గిందా? కోడలు వేళకి తింటోందా? పసిదాని జలుబు ఎలా ఉంది? ఇక్కడ నేను, మీ అక్క, నీ పెద్దకూతురు కులాసా. కార్డు చూసి కంగారు పడకు.

పిల్ల పేరు ఎవరికీ నోరు తిరగడం లేదు, మార్పించెయ్యమని నువ్వు పంపిన కాగితం పట్టుకుని సోమవారం బడికి వెళ్ళాను. పంతులమ్మ హాజరు పిలుస్తోంది. మన పిల్ల పేరు మూడు రకాలుగా పిలిచింది, మూడూ తప్పే. పిల్లలు గొల్లుమన్నారు. మనది తల దించేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తగారి పేరు కోడలు అనకూడదని యాభై ఏళ్ళు నోరు కట్టుకున్నాను, ఆవిడ పేరే పెట్టుకున్న పిల్లని కూడా బుజ్జమ్మ అనే పిలిచాను. ఆవేళ గుమ్మంలో నిలబడి ఆ పేరు పొల్లు పోకుండా గొంతెత్తి పలికాను.

"మళ్ళీ అనండి మామ్మగారూ" అంది పంతులమ్మ. తరగతంతా నా వెనకే అన్నారు. ఇప్పుడు నలుగురు పిల్లలు బొమ్మలకి ఆ పేరే పెట్టుకున్నారు! పక్కింటి కుట్టుపని ఆవిడ పుట్టబోయే బిడ్డకి ఆ పేరు పెట్టుకుంటానని అడిగింది. "మగపిల్లాడైతేనో?" అంటే "మళ్ళీ కంటా" అంది.

కాగితం చింపేశాను, కోప్పడకు. అత్తగారికి కోపం వచ్చిందేమోనని బెంగగా ఉంది, ఆవిడ ఫోటో దుమ్ము తుడిచి ఉంచు. బియ్యం డబ్బా మూత పెడుతున్నారా? కోడలికి, పసిదానికి నా దీవెనలు. నువ్వు వీధి గుమ్మంలోనే పిల్లని నిండు పేరుతో పిలవాలి. ఈలోగా నేర్చుకో, పదో తారీకు ఆదివారం పొద్దున్నే నేనూ పిల్లా మీ ఇంట్లో దిగుతున్నాం.