సుతినా సుతినా

మార్చి 4

మేం తయారుచేసిన యాప్ మా అమ్మను మనిషిగా ఒప్పుకోలేదు.

అమ్మ పేరు సుతినా. అంతే. ముందూ వెనకా ఇంకేం లేదు. జావాలో ఆమె వయసువాళ్ళు ఎంతోమందికి ఒక్కటే పేరు. కంటి ఆసుపత్రిలో ఆపరేషన్‌కి టైం కావాలంటే మా యాప్‌లోనే తీసుకోవాలి. పేరు కొట్టగానే ఎర్ర అక్షరాలు: సరైన పేరు రాయండి. పుట్టినప్పటి నుంచీ అదే పేరురా, దరిద్రుల్లారా!

అమ్మకి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో ఒత్తిడి పెరుగుతోంది. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు.

మార్చి 5

కోడ్ తెరిచాను. పేరును సరిచూసే రెజెక్స్ ఒక్క లైను. అక్షరాలు, ఒక ఖాళీ, మళ్ళీ అక్షరాలు. ఖాళీ లేదా, బయటికి పో. ఎక్కడో విదేశీ సైట్ నుంచి ఎత్తుకొచ్చి అతికించారు. ఇక్కడ జావాలో, సెమరాంగ్‌లో కూర్చుని, చుట్టూ ఒంటి పేర్లవాళ్ళను పెట్టుకుని! రెండో భాగాన్ని బ్రాకెట్లో పెట్టి వెనక ఒక ప్రశ్నార్థకం తగిలిస్తే చాలు. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

టీమ్ లీడ్ హెర్లాంబాంగ్ అన్నకి చెప్పాను. నవ్వాడు. పేరు రెండుసార్లు కొట్టు చెల్లీ, అందరూ చేసేదేగా అన్నాడు. వాళ్ళ నాన్న విమానం టికెట్టు మీద కూడా వాగిమాన్ వాగిమాన్ అనే ఉంటుందట. చెప్పి మళ్ళీ నవ్వాడు. కన్నతండ్రి పేరు మీద నవ్వేవాడితో ఏం వాదిస్తాం?

మార్చి 6

కొట్టాను. సుతినా సుతినా. పచ్చ టిక్కు పడింది. పదకొండున రమ్మంది. నాకు ఒళ్ళు మండింది. అమ్మ మాత్రం, మంచిదేలే, ఒక సుతినా వంటింట్లో టెంపే ముక్కలు వేయిస్తుంది, ఇంకో సుతినా పడుకుంటుంది అంది.

మార్చి 11, సాయంత్రం

వెనక్కి పంపేశారు.

కౌంటర్లో అమ్మాయి గుర్తింపు కార్డు చూసింది, తెర చూసింది. కార్డులో ఒక సుతినా, తెర మీద ఇద్దరు. పేరు కలవలేదమ్మా, కంప్యూటర్ ముందుకు కదలనివ్వడం లేదు, నా చేతుల్లో ఏం లేదు అంది. అమ్మ ఆ పిల్లకే క్షమాపణ చెప్పింది! నువ్వెందుకు చెప్తావని వరండా అదిరేలా అరిచాను. రంజాన్ ఉపవాసంలో అరవకు అమ్మడూ, దాహం వేస్తుంది అంది.

బైక్ మీద దారి పొడుగునా నా చొక్కా గట్టిగా పట్టుకునే ఉంది. ఇదివరకు పట్టుకునేది కాదు.

మార్చి 12

ఈద్ సెలవులయ్యాక చూద్దామన్నాడు హెర్లాంబాంగ్ అన్న. పండగ ముందు ఎవరూ కోడ్ ముట్టకూడదట, అది రూలట. మా అమ్మ కన్ను సెలవు పెట్టుకుంటుందా అని అడిగాను. గొంతు తగ్గించమన్నాడు. తగ్గించలేదు. నువ్వింకా ప్రొబేషన్‌లోనే ఉన్నావు, గుర్తుంచుకో అన్నాడు.

గుర్తుంది.

మార్చి 13, ఉదయం 7

ఆఫీసులో ఎవరూ లేరు. ప్రశ్నార్థకం పెట్టాను. సుతినా, వాగిమాన్ పేర్లతో టెస్టులు రాశాను. పచ్చ, పచ్చ. లైవ్‌లోకి తోసేశాను. ఎవర్నీ అడగలేదు. నా ఫోన్లోనే అమ్మకి కొత్త టైం తీసుకున్నాను. ఉపవాసాల నెలలో ఆపరేషన్లకి జనం రారు. పద్దెనిమిదికి దొరికింది.

మార్చి 13, సాయంత్రం

ఎవడు ముట్టుకోమన్నాడని హెర్లాంబాంగ్ అన్న అరిచాడు. నేనే అన్నాను. మధ్యాహ్నానికల్లా నా లాగిన్ ఆగిపోయింది. గేటు దగ్గర ఆఫీసు కార్డు లాక్కున్నారు.

మార్పును మాత్రం వెనక్కి తీయలేదు. వాళ్ళ నాన్న పేరు కొట్టి చూసుకున్నాడేమో. చూసుకుంటే చూసుకోనీ. నాకు కోపం తగ్గలేదు.

మార్చి 18

మైకులో పిలిచారు. సుతినా. ఒక్కసారే.

అమ్మ లేచింది.